పాత కారు ఇరుసు: బిగువును కొలిచి రాసిపెట్టండి

కోయంబత్తూరు, మదురై వైపు మన తెలుగు ఇళ్లలో పాత కారు ఒకటి షెడ్డులో నిలబడి ఉండడం కొత్తేమీ కాదు. అంబాసిడరో, మోరిస్ మైనరో, ఫియట్టో ఉంటుంది. అదృష్టమున్న ఇంట్లో పాత ఫోర్డు ఉంటుంది. ఆయుధ పూజ నాడు కడిగి, గంధం కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, వీధి చివరిదాకా తోలి తెచ్చి మళ్లీ షెడ్డులోకి తోస్తాం. ఈమధ్య చాలా ఇళ్లలో పిల్లలు "దీన్ని మళ్లీ రోడ్డెక్కిద్దాం" అంటున్నారు. సంతోషమే. కానీ పెయింటుకూ, సీట్లకూ, క్రోమ్ పూతకూ పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా వెనక ఇరుసు మీద పెట్టడం లేదు. అది కంటికి కనబడదు కదా!

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వెనక ఇరుసు తీసేసి వేరే బండిది వేయించకండి, ఉన్నదాన్నే బాగు చేయించండి. బాగు చేయించేటప్పుడు బేరింగుల ప్రీలోడ్‌ను అంచనాకు వదలకుండా కొలిపించండి. కొలిచిన అంకెలను కారు ఆర్సీ పుస్తకంతో పాటు దాచండి. ఈ మూడింట్లో మూడోదాన్నే ఎవరూ చేయడం లేదు, అందుకే దాని గురించే ఎక్కువ చెప్పదలచుకున్నాం.

ప్రీలోడ్ అంటే ఏమిటి?

ఎద్దుల బండి చూసినవాళ్లకు ఇరుసు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తమిళంలోనూ ఇరుసు అనే మాట ఉంది కాబట్టి మన పిల్లలకూ అది తెలిసిన మాటే. బండి చక్రం ఇరుసు మీద కాస్త వదులుగానే తిరగాలి. ఆ వదులులో కందెన నిలుస్తుంది, కడచీల చక్రాన్ని జారనివ్వదు. సుమతీ శతకంలో ఇరుసూ కందెనా వచ్చే పద్యం మన అవ్వలు చాలామందికి నోటికి వచ్చిందే. ఆ పద్యం ఎద్దుల బండికి చక్కగా సరిపోతుంది. కారు వెనక ఇరుసు దగ్గరికి వస్తే మాత్రం కందెన సగం సంగతే. మిగతా సగం బిగువు.

ఇంజన్ నుంచి వచ్చే పొడుగు షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ తిరిగితే వెనక చక్రాలు తిరుగుతాయి. పినియన్‌కు ఆధారంగా రెండు టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి. గుండ్రటి బాల్స్‌కు బదులు వాటిలో ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా ఉండే రోలర్లు ఉంటాయి. రెండు బేరింగులనూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో కూర్చోబెడతారు. ఈ రకం బేరింగుకు 1898లో పేటెంటు తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గుర్రపు బండ్లు కట్టించిన మనిషి. అంటే ఇదీ బండి ఇరుసు దగ్గర పుట్టిన ఆలోచనే. పక్క నుంచి వచ్చే బరువునూ, ముందుకూ వెనక్కూ తోసే బలాన్నీ రెంటినీ ఈ బేరింగు ఒకటే మోస్తుంది.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ఒకవైపుకు తోసుకుంటుంది. కాలు తీసినప్పుడు రెండోవైపుకు. బేరింగుల్లో కొంచెం వదులున్నా పినియన్ ముందుకూ వెనక్కూ కదులుతుంది. కదిలితే క్రౌన్ పళ్లతో కలిసే చోటు మారుతుంది. మారితే శబ్దం, ఆ తర్వాత పళ్ల అరుగుదల. అందుకని వదులు సున్నా అయ్యాక కూడా ఇంకొంచెం బిగిస్తారు, రోలర్లు అన్నీ లోపలా బయటా చిన్న ఒత్తిడిలో ఉండేట్టు. బండి కదలకముందే పెట్టే ఆ బిగువే ప్రీలోడ్. తక్కువైతే పినియన్ ఊగుతుంది. ఎక్కువైతే రోలర్ల మధ్య నూనె పొర నిలవదు, బేరింగు కాలుతుంది, ఉక్కు పైపొర పెచ్చులుగా లేస్తుంది.

ఇది ఎంత చిన్న లెక్కో చూడండి. బిగువు మార్చడానికి వాడే షిమ్ములు, అంటే సన్నటి ఉక్కు రేకులు, 0.05 మిల్లీమీటర్ల మందంలోనూ ఉంటాయి. మామూలు తెల్ల కాగితం మందంలో అది సగం. పని మాత్రం పెద్దది. చక్రం చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 500 సార్లు తిరుగుతుంది. క్రౌన్ పినియన్ నిష్పత్తి నాలుగు రెట్లుంటే పినియన్ 2,000 సార్లు తిరుగుతుంది. అర కాగితం మందం తేడా నిమిషానికి రెండు వేల సార్లు పరీక్షకు వస్తుందన్నమాట.

తప్పు ఎక్కడ జరుగుతోంది?

మా ఇంటి అంబాసిడర్ 1964 నాటిది. వెనక నుంచి గురగుర వినబడితే ఒక షెడ్డులో పినియన్‌కు రెండు కొత్త బేరింగులు వేయించాం. మంచి కంపెనీ బేరింగులే, బిల్లు కూడా ఉంది. తెచ్చిన వారంలో పొల్లాచ్చి రోడ్డు పట్టుకుని వెళ్తే కిణత్తుకడవు దాటేసరికి పినియన్ దగ్గర హౌసింగ్ మీద చేయి ఆనించలేనంత వేడి. విప్పి చూస్తే కొత్త బేరింగుల మధ్య పాత షిమ్ములే ఉన్నాయి. పినియన్ తిప్పడానికి పట్టే బలం పుస్తకం అడిగినదానికి రెండున్నర రెట్లుంది.

ఇది ఆ ఒక్క షెడ్డు సంగతి కాదు. మూడు అలవాట్లు అన్నిచోట్లా కనబడుతున్నాయి.

మొదటిది ఇదే, బేరింగు కొత్తది, షిమ్ము పాతది. ఒకే నంబరు బేరింగులైనా మందంలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, తయారీలో దానికి అనుమతి ఉంది. షిమ్ము లెక్క ఆ వెంట్రుకవాసిదే. కాబట్టి బేరింగు మారిస్తే పాత షిమ్ము లెక్క అక్కడితో చెల్లు. కొత్తగా కొలవాల్సిందే.

రెండోది, ముందు చక్రం అలవాటును వెనక్కు తేవడం. ముందు చక్రాల్లో టేపర్ బేరింగులున్న బండ్లకు నట్టు బిగించి, మళ్లీ కొంచెం వదిలి, పిన్ను వేస్తారు. అక్కడ కొద్దిపాటి వదులు ఉండాలి, కాబట్టి అది సరైన పద్ధతే. పినియన్ దగ్గర అదే చేస్తే చేజేతులా వదులు పెట్టినట్టు. రెండూ టేపర్ బేరింగులే అయినా రెంటి పనీ ఒకటి కాదు.

మూడోది, నట్టు ఎంత బిగిస్తే ప్రీలోడ్ అంత అనుకోవడం. పాత మోరిస్ కుటుంబపు బండ్లలో రెండు బేరింగుల మధ్య ఒక గట్టి స్పేసరూ, దాని పక్కన షిమ్ములూ ఉంటాయి. నట్టును పుస్తకంలో చెప్పిన టార్క్‌కు పూర్తిగా బిగించాలి. బిగువు ఎంతన్నది షిమ్ముల మందమే నిర్ణయిస్తుంది. ఇక్కడ రేకు చేరిస్తే బిగువు తగ్గుతుంది, రేకు తీస్తే పెరుగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు. బిగువు ఎక్కువైందని నట్టు వదిలితే, ఆ నట్టు రోడ్డు మీద ఇంకా వదులవుతుంది. తర్వాతి కాలపు బండ్లలో స్పేసరుకు బదులు నలిగే గొట్టం ఉంటుంది. అది ఒకసారి ఎక్కువ నలిగితే నట్టు వెనక్కి తిప్పి లాభం లేదు, కొత్త గొట్టం వేయాల్సిందే. ఫోర్డు మోడల్ ఏలో మరో పద్ధతి. పినియన్ బిగువు మర నట్టుతో, దాన్ని ఆపే లాక్ నట్టుతో. క్రౌన్ వైపు బిగువు హౌసింగుల మధ్య వేసే గ్యాస్కెట్ల మందంతో. మీ బండి ఏ రకమో తెలుసుకోకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

కొలవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు

ఖరీదైన టార్క్ మీటరు లేదని చాలా షెడ్లలో చెప్తారు. లగేజీ తూచే స్ప్రింగ్ త్రాసూ, గట్టి దారమూ చాలు. హౌసింగులో క్రౌన్ వేయకముందు పినియన్ ఒక్కటే కూర్చోబెట్టాలి. ఆయిల్ సీల్ కూడా అప్పుడే వేయకూడదు, సీల్ పట్టు కలిస్తే అంకె తప్పుతుంది. బేరింగులకు గేర్ ఆయిల్ రాసి, నట్టు బిగిస్తూ పినియన్‌ను చేత్తో పది పదిహేను చుట్లు తిప్పాలి, రోలర్లు తమ చోట్లో సర్దుకునేందుకు. తర్వాత ఫ్లాంజ్ చుట్టూ దారం చుట్టి, త్రాసు తగిలించి, ఒకే వేగంతో లాగాలి. కదలడానికి మొదట పట్టే బలం కాదు, తిరుగుతున్నప్పుడు త్రాసు చూపే బరువే లెక్క.

ఉదాహరణకు ఒక పుస్తకం 12 పౌండ్-ఇంచ్‌లు అడిగిందనుకోండి. దారం చుట్టిన చోట, కేంద్రం నుంచి కొలిస్తే, 2 అంగుళాలుంటే త్రాసు 6 పౌండ్లు, అంటే దాదాపు 2.7 కిలోలు చూపాలి. ఐదో తరగతి పిల్లాడు చేసే లెక్క. మీ బండికి ఎంతన్నది మీ బండి పుస్తకమే చెప్పాలి. పాత బేరింగులే మళ్లీ వేస్తుంటే చాలా పుస్తకాలు కొత్తవాటికన్నా తక్కువ బిగువు, సుమారు సగం, అడుగుతాయి.

పినియన్ అయ్యాక క్రౌన్ పక్కల బేరింగుల బిగువు, పళ్ల మధ్య సందు. ఆ సందును డయల్ గేజ్‌తో చూస్తారు. సందు సరిచేయడానికి ఒక పక్క షిమ్ము తీస్తే అంతే మందం రెండో పక్క వేయాలి. మొత్తం మారిందంటే బిగువు మారినట్టే. చివరికి పళ్లకు రంగు పూసి తిప్పి, ముద్ర పళ్ల మధ్యలో పడుతోందా చూడాలి. ఈ వరస తప్పకూడదు. టెస్టింగ్ పనితో పొట్టపోసుకునే వాళ్లం కాబట్టి ఒక మాట మాత్రం చేరుస్తాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో దేవుడికే తెలియాలి.

మేస్త్రి చేతిని కూడా కొలవండి

ఇక్కడ ఒక వాదన వస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. "మా తాతల కాలంలో త్రాసులు ఎవరు పట్టారు? మేస్త్రి చేత్తో తిప్పి చూసి సరే అంటే ఆ బండి లక్ష మైళ్లు తిరిగింది." నిజమే. మా ఇరుసును చివరికి సరిచేసింది కూడా బస్సు షెడ్డులో పనిచేసి రిటైరైన, డెబ్బై దాటిన మేస్త్రే. త్రాసు చూపిస్తే నవ్వి, "చేతికే తెలుస్తాది నాయనా" అన్నారు. సరే, ముందు మీ చేత్తోనే పెట్టండి, తర్వాత కొలుస్తాం అన్నాం. షిమ్ములు మారుస్తూ, తిప్పుతూ, మూడోసారికి "ఇదీ" అన్నారు. త్రాసు వేసి మూడు సార్లు లాగాం. మూడు సార్లూ పుస్తకం చెప్పిన హద్దులోనే ఉంది. పక్కనున్న కుర్రాణ్ని అదే పని చేయమంటే, వాడికి సరే అనిపించిన బిగువు ఆ హద్దుకు ఎంతో దూరంలో ఉంది. వాడు పనిమంతుడు కాడని కాదు. ఆ చెయ్యి వందల ఇరుసులు తిప్పి నేర్చుకున్నది. ఈ కుర్రాడికి ఏడాదికి ఒకటో రెండో పాత ఇరుసులు దొరికితే గొప్ప. ఆ లెక్కన వాడి చెయ్యి ఎప్పటికి నేర్చుకోవాలి?

కాబట్టి చేయికీ త్రాసుకీ పోటీ పెట్టడం మా ఉద్దేశం కాదు. పెద్ద మేస్త్రులు ఇంకా ఉన్నారు, వాళ్ల చేతులతోనే పని చేయించండి. చేయించి, వాళ్లు సరే అన్న చోట త్రాసు వేసి అంకె రాసుకోండి. చేతిని వారసత్వంగా ఇవ్వలేం. అంకెను ఇవ్వగలం. కొన్నేళ్లు పోతే కొలవడానికి ఆ చేతులు కూడా ఉండవు.

ఇది మన ఊళ్లకు పరాయి మాట కాదు. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు రడ్జ్ మోటార్ సైకిలు కొని, దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్నారన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన కథ. 1920లో పొల్లాచ్చి-పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి యునైటెడ్ మోటార్ సర్వీస్‌ను పెద్ద సంస్థగా పెంచారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలోనే విద్యుత్ మోటారు తయారుచేశారు. మోటారులో తిరిగే భాగానికీ నిలిచే భాగానికీ మధ్య సందు చాలా తక్కువ, బేరింగు కాస్త అటూ ఇటూ అయితే రెండూ రాసుకుంటాయి. ఆ మోటార్ల మీదా పంపుల మీదా కోయంబత్తూరు ఊరే లేచింది. వెంట్రుకవాసి కొలిచి బతికిన ఊరు ఇది. డయల్ గేజ్ లేని లేత్ పట్టరై ఇక్కడ వెతికినా దొరకదు. మదురైలోనూ అంతే, టి.వి. సుందరం అయ్యంగారు 1911లో మొదలుపెట్టిన సంస్థ ఆ ఊరు కేంద్రంగా పెరిగి, మోటారు పని తెలిసిన చేతులను తరాలుగా తయారుచేసింది. ఇన్ని పనిముట్లూ, ఇంత అనుభవమూ చుట్టూ పెట్టుకుని ఇంటి కారుకు మాత్రం "ఉజ్జాయింపుగా కానివ్వండి" అంటే ఎలా?

ఇరుసు మార్చేస్తే పోలా?

కొందరు ఈ తలనొప్పంతా ఎందుకని, తర్వాతి మోడల్‌దో జీపుదో ఇరుసు తెచ్చి కింద వేయించేస్తున్నారు. రోజూ తోలుకునే బండికైతే మాకు అభ్యంతరం లేదు, స్పేరు దొరకడమూ ముఖ్యమే. కానీ వారసత్వం అని పేరుపెట్టి ఉంచుకునే కారుకు అది తగదు. ఇరుసు మారితే చక్రాల మధ్య వెడల్పు, బ్రేకులు, గేరు నిష్పత్తి ఒకదాని వెంట ఒకటి మారతాయి. నిష్పత్తి మారితే స్పీడోమీటరు కూడా అబద్ధం చెప్తుంది. తర్వాత ఎవరైనా విప్పినప్పుడు పుస్తకం ఒకటి చెప్తుంది, లోపల ఇంకొకటి ఉంటుంది.

చట్టం కూడా ఈ వైపే చూస్తోంది, పూర్తిగా కాకపోయినా. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలో వింటేజ్ అంటే 1930 వరకే గానీ, ఈ నియమం ప్రకారం మన 1960ల అంబాసిడర్లూ వింటేజే. మూలరూపం అనడంలో ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పులను నియమం పేరుపెట్టి చెప్పింది. ఇరుసు పేరెత్తలేదు. పేరెత్తలేదు కదా అని మార్చేయడం సరికాదని మా మాట. నియమం మరిచిపోయినదాన్ని ఇంటివాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఏ భాషలో రాయాలి?

అంకెలు రాసిపెట్టమంటే కొందరు చుట్టాలు అడిగారు, ఏ భాషలో అని. మంచి ప్రశ్నే. మన ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, బడిలో మాత్రం తమిళమో ఇంగ్లీషో చదివాం. మాలాంటి కొందరు కన్నడ మీడియంలో చదివి, కన్నడ అక్షరం ఆసరాతో తెలుగు అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాళ్లు. రేపటి పిల్లలు ఏ లిపి చదువుతారో చెప్పలేం. అందుకని పేర్లు తెలుగులోనూ, ఆ ఇంటివాళ్లు చదివే ఇంకో లిపిలోనూ రాయండి. బొమ్మ గీయండి. విలువలు 1, 2, 3 అంకెల్లో రాయండి, అవి అందరూ చదువుతారు. కొలత ఏ మానంలో ఉందో తప్పకుండా రాయండి. పౌండ్-ఇంచో, కిలో-సెంటీమీటరో చెప్పకపోతే అంకెకు అర్థం లేదు.

రాయాల్సింది ఒక్క పేజీ. బేరింగుల మీద చెక్కిన నంబర్లు, కంపెనీ పేరు. షిమ్ముల మందం, ఏ పక్క ఎన్ని. పినియన్ తిరిగే బిగువు, సీల్ వేయకముందు, వేశాక. నట్టు టార్క్. పళ్ల సందు. రంగు ముద్ర ఫోటో. ఏ ఆయిల్ ఎంత పోశారు. మొదటి 20 కిలోమీటర్ల తర్వాత హౌసింగ్ ఎంత వేడెక్కింది. తేదీ, అప్పటి కిలోమీటరు రీడింగ్, పని చేసినవాళ్ల పేరు. ఆ పేరు మరిచిపోకండి, కారు కొన్న తాత పేరు ఎంత ముఖ్యమో దాన్ని నిలబెట్టిన మేస్త్రి పేరూ అంతే ముఖ్యం.

మా అంబాసిడర్ పేజీ ఇప్పుడు ఆర్సీ పుస్తకం పక్కనే ప్లాస్టిక్ కవరులో ఉంది, ఒక కాపీ మదురైలో పిన్నమ్మ వాళ్లింట్లో ఉంది. మీ ఇంట్లో పాత కారు ఇరుసు ఈ ఏడాది విప్పుతుంటే అలాంటి పేజీ ఒకటి మీరూ తయారుచేయండి, ఫోటో తీసి మాకూ పంపండి. అదే మోడల్ కారు ఇంకో ఇంట్లో ఉంటే వాళ్లకు అందజేస్తాం. మీకు తెలిసిన పెద్ద మేస్త్రి ఎవరైనా ఇంకా పని మానకుండా ఉంటే, ఇరుసు విప్పే పని ఆయుధ పూజ వరకూ ఆపకుండా ముందుగానే పెట్టుకోండి. త్రాసు మీరు తీసుకెళ్లండి, ఆయన దగ్గర ఉండదు.